గ్యాసు కట్టేశానా... లేదా?

‘గ్యాసు కట్టేశానా? బీరువాకి తాళం వేశానా? కుళాయి ఆపానా?’ ఊరికి బయల్దేరేటప్పుడు ఇలాంటి అనుమానం రాని ఇల్లాలు ఉండదేమో! వెనక్కి వెళ్లి ఓసారి చూసుకుంటాం. ‘హమ్మయ్య’ అనుకుంటాం. అంతటితో సరి.

కొందరికి మాత్రం ఆ ‘హమ్మయ్య’ రాదు. తాళం వేసి నాలుగుసార్లు లాగి చూస్తారు. మెట్లు దిగి మళ్లీ ఎక్కుతారు. బస్టాపు దాకా వెళ్లినవాళ్లు కూడా వెనక్కి వచ్చేస్తారు. ‘చూశాను కదా... ఏమో, సరిగ్గా చూశానో లేదో! ఈ మధ్య నాకు బొత్తిగా మతిమరుపు వచ్చేసింది’ అని కుమిలిపోతారు. ఇంట్లోవాళ్లేమో ‘చాదస్తం’ అని కొట్టిపారేస్తారు.

ఇది చాదస్తమూ కాదు, మతిమరుపూ కాదు. అబ్సెసివ్ కంపల్సివ్ డిజార్డర్... పొట్టిగా ఓసీడీ అనే మానసిక సమస్య అయి ఉండవచ్చు. నూటికి ఒకరి నుంచి ముగ్గురి దాకా జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు దీని బారిన పడతారని అంచనా. ఒకటికి రెండుసార్లు చూసుకున్నంత మాత్రాన ఓసీడీ ఉన్నట్టు కాదు. వద్దనుకున్నా ఆలోచన వదలకపోవడం, ఆ తనిఖీలకే రోజుకు గంటకు పైగా పోవడం, వంటా ఉద్యోగమూ వెనకబడిపోవడం... ఇవీ గుర్తులు.

జ్ఞాపకం ఉంది, నమ్మకమే లేదు

ఇరవైసార్లు చూసినా గుర్తుండటం లేదంటే జ్ఞాపకశక్తి దెబ్బతిన్నట్టే కదా అనిపిస్తుంది. పరిశోధనలు చెప్పేది వేరు. 2003లో నెదర్లాండ్స్ పరిశోధకులు మార్సెల్ వాన్ డెన్ హౌట్, మెరెల్ కింట్ ఓ ప్రయోగం చేశారు. ఏ జబ్బూ లేని వాళ్లను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి, తెర మీద కనిపించే గ్యాస్ పొయ్యిని వెలిగించి, ఆపి, ఆపామో లేదో చూసుకోమన్నారు. కొందరు అదే పనిగా ఇరవైసార్లు పొయ్యినే చూశారు. మిగతావాళ్లు మధ్యలో పొయ్యికి బదులు దీపాలు చూశారు. చివరకు ‘ఆఖరుసారి ఏ పొయ్యి ఆపారు?’ అని అడిగితే రెండు జట్లూ ఇంచుమించు ఒకేలా జవాబు చెప్పాయి. అయితే పొయ్యినే పదేపదే చూసినవాళ్లు ‘మసకమసకగా ఉంది, నమ్మకంగా చెప్పలేం’ అన్నారు!

2006లో కెనడాలో ఆడమ్ రాడోమ్‌స్కీ బృందం నిజమైన వంటింటి స్టవ్‌తోనే పరీక్షించి చూసింది. అక్కడా అంతే... పదేపదే చూసినకొద్దీ నమ్మకం సడలింది.

ఎందుకిలా? ఏడాదికోసారి వెళ్లే తిరుపతి ప్రయాణం కళ్లకు కట్టినట్టు గుర్తుంటుంది. రోజూ ఎక్కే బస్సులో నిన్న ఏ సీట్లో కూర్చున్నామో గుర్తుండదు. అలవాటైన పనిని మనసు పట్టి చూడదు. తనిఖీ కూడా అంతే. అనుమానం తీరుతుందని మళ్లీ చూస్తారు. చూసినకొద్దీ గుర్తు మసకబారుతుంది. మసకబారేసరికి అనుమానం పెరుగుతుంది. దాహానికి ఉప్పునీళ్లు తాగినట్టన్నమాట!

ధ్యాసంతా అక్కడే

దీనికి తోడు ధ్యాస ఒకటి. ‘ఇల్లు అంటుకుంటుందేమో’ అనే భయం బుర్రలో గిర్రున తిరుగుతుంటే, పక్కింటావిడ చెప్పిన కబురు చెవికెక్కుతుందా? చెవికెక్కనిది గుర్తుండమంటే ఎలా ఉంటుంది? చదువుకునే పిల్లల్లోనైతే, చదివిన లైనే మళ్లీ మళ్లీ చదవడం, రాసింది కొట్టేసి మళ్లీ రాయడం కనిపిస్తుంది. మార్కులు తగ్గితే ‘జ్ఞాపకశక్తి లేదు’ అని టానిక్కులు, లేహ్యాలు కొనిపెడతాం. అసలు సంగతి అలాగే ఉండిపోతుంది.

అలాగని నిజమైన మతిమరుపును తేలిగ్గా తీసుకోకూడదు. తెలిసిన దారి తప్పడం, దగ్గరివాళ్ల పేర్లు తట్టకపోవడం, పెద్దవయసులో కొత్తగా ఇలాంటి మార్పు రావడం ఉంటే వెంటనే డాక్టరుకు చూపించాలి.

ఇంట్లోవాళ్లు ఏం చేయాలి?

‘ఏవండీ, గ్యాసు కట్టేశానంటారా?’ అని ఆవిడ అడుగుతుంది. ‘కట్టేశావులే, పద’ అంటారాయన. నాలుగడుగులు వేశాక మళ్లీ అదే ప్రశ్న. పదోసారి ఆయనకు విసుగు, ఆవిడకు కన్నీళ్లు. తిట్టడం వల్ల లాభం లేదు. అడిగినప్పుడల్లా భరోసా ఇచ్చినా లాభం లేదు, అదీ ఓ రకం తనిఖీయే! ‘నీ భయం నాకు తెలుసు. జవాబు చెబితే అది ఇంకా పెరుగుతుంది. కాసేపు ఓర్చుకో, నేనున్నాను’ అనడం మేలు. అయితే ఇది ఉన్నట్టుండి మొదలుపెట్టకుండా, ఇద్దరూ ముందే అనుకుని, వీలైతే డాక్టరు సలహాతో చేయాలి.

స్టవ్ ఆపేటప్పుడు మనసు పెట్టి ఒక్కసారే చూసి కదలండి. గుర్తు కోసం సెల్‌ఫోన్‌లో ఫొటో తీసుకోవడం తెలివైన ఉపాయంలా కనిపిస్తుంది కానీ, తర్వాత ఆ ఫొటోనే ఇరవైసార్లు చూడాల్సి వస్తుంది.

నయమయ్యే దారి ఉంది

1966లో లండన్‌లో విక్టర్ మేయర్ అనే మానసిక నిపుణుడు కొత్త పద్ధతి ఒకటి చూపించారు. భయపెట్టే పరిస్థితిని ఎదుర్కోనిచ్చి, ఆ తర్వాత చేసే తనిఖీని, కడుగుడును ఆపించడం. ఆందోళన మొదట పెరిగినా, పోనుపోను మనసు అలవాటు పడుతుంది. ఈనాటి చికిత్సకు ఇదే పునాది. ఫ్లూక్సెటిన్, సెర్ట్రలిన్ వంటి మందులూ ఉన్నాయి. వీటి గుణం తెలియడానికి రెండు మూడు నెలలు పట్టవచ్చు. ‘వారం వాడాను, తగ్గలేదు’ అని సొంతంగా మానేయకూడదు. గర్భంతో ఉన్నప్పుడు, కాన్పయ్యాక ఓసీడీ కొత్తగా రావడం, ముదరడం కద్దు. అలాంటివారు డాక్టరుకు ఆ సంగతి తప్పక చెప్పాలి.

హైదరాబాద్ ఎర్రగడ్డలోనూ, విశాఖపట్నంలోనూ ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో ఓసీడీకి ప్రత్యేక క్లినిక్కే ఉంది. 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి మాట్లాడవచ్చు.

‘పిచ్చి అనుకుంటారేమో’ అనే బిడియంతో ఏళ్ల తరబడి దాచుకునే ఆడవాళ్లు ఎందరో! మీ జ్ఞాపకశక్తి బాగానే ఉండి ఉండవచ్చు. పోయింది దాని మీద నమ్మకమే. అది తిరిగి వస్తుంది. ఎటొచ్చీ, ఆ తాళాన్ని ఇంకోసారి లాగి చూస్తే మాత్రం రాదు.