పురుగులను పట్టు మొక్క
వానలు వెనుకపట్టు వేళ తెలుగునాట తడి యిసుక నేలలలో రూపాయి బిళ్ళంత యెఱ్ఱని మొక్క నేలకంటి కనబడును. డ్రోసెరా బర్మానీ యని దాని శాస్త్రనామము. ఆకుల నూగుపై మంచుబొట్లవలె మెఱయునది జిగురు. అంటిన చీమను నూగు వంగి బంధింపగా ఆకు జీర్ణించుకొనును.

మొదటి మొక్కను మేము ప్రేమతోనే చంపితిమి. పశువుల యెరువు వేసి బోరునీరు పోసితిమి; పది దినములలో నల్లబడినది. నత్రజని కొఱవడిన నేలలో పుట్టుటచేతనే కదా యిది పురుగులను పట్ట నేర్చినది! లవణములు దీని వేళ్ళకు పడవు.

ఇప్పుడు కడిగిన యిసుకలో ఉప్పు విడిచిన కొబ్బరిపొట్టు కలిపి, తొట్టిని వాననీటి పళ్ళెములో ఎండకు ఉంచుచున్నాము. ఇంటి దోమలన్నియు నశించునని మాత్రము ఆశపడరాదు. మొక్క యాయువు సాధారణముగా ఏడాదే గనుక, పూకాడ యెండగనే ధూళివంటి విత్తులను కాగితముపై రాల్చుకొని తడి యిసుకపై చల్లవలెను. మన్ను కప్పరాదు, వెలుతురు తగిలిననే మొలచును.