ఎద్దు ఎందుకు బెదురుతుంది?

కిందటేడు మా వీధిలో ఒక అత్త కుడితి బకెట్టు పట్టుకుని ఎద్దు వెనకగా వెళ్ళింది. ఎద్దు తన్నింది. మోకాలు వాచింది. "7 ఏళ్ళుగా మేత వేస్తున్నాను, నన్నే తన్నిందే!" అని ఏడ్చింది. దెబ్బ కంటే ఆ మాటకే నాకు బాధ వేసింది.

ఎద్దుకి పొగరా? కాదు, భయం. అడవిలో పులి వేటాడే జాతి అది. బండలాగే ఒంగోలు గిత్తకైనా ఆ భయం పోలేదు. గుర్రమూ అంతే.

దాని కళ్ళు చూడండి. తలకి రెండు పక్కలా ఉంటాయి. మేస్తూనే దాదాపు చుట్టూరా చూస్తుంది. సరిగ్గా తోక వెనక మాత్రం కనపడదు. అక్కడ అలికిడి అయితే వచ్చింది మనిషో పులో తెలియదు. ముందు తన్నేస్తుంది.

లోతు కూడా చప్పున తెలియదు. దారిలో నీడ పడితే గుంట అనుకుని ఆగుతుంది. పత్తి బండి ఆగిందని మనం చెర్నాకోల ఎత్తుతాం. ఇంకా బెదురుతుంది. తల దించి చూసుకోనివ్వండి, అదే కదులుతుంది.

ఎర్ర చీర చూస్తే పొడుస్తుంది అంటారు. ఒట్టి మాట. దాన్ని బెదరగొట్టేది రంగు కాదు, కదలిక.

మన చెవికి అందని సన్నని మోతలు కూడా దానికి వినపడతాయి. అందుకని అరవకండి. పేరు పెట్టి పిలుస్తూ, భుజం వైపునుంచి దగ్గరికి వెళ్ళండి. వెనక్కి వెళ్ళక తప్పకపోతే, వీపు మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి తియ్యకుండా వెళ్ళండి.