మంద్రస్వరానికై ఒక తీగ

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ఎక్కడనైనా సరే, కచేరీలో మీటే నాలుగు తీగల తంబురను పరిశీలిస్తే ఒక విషయం తెలుస్తుంది. మంద్ర షడ్జమం పలికే తీగ తక్కిన వాటికన్న లావుగా ఉంటుంది. తీగ లావైనా, పొడవైనా, బిగువు తగ్గినా స్వరం కిందికి దిగుతుంది. అయితే బిగువును మితిమీరి సడలిస్తే నాదం చెడుతుంది. అందుచేతనే బారిటోన్ ఎలక్ట్రిక్ గిటారుకు సాధారణ గిటారు కన్న పొడవైన మెడను అమర్చి, లావు తీగలు కడతారు.

మంద్రస్వరాలను సాధించవలసిన ఈ చిక్కే, 1969లో పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్‌కు మాండలిన్ విషయంలో ఎదురైంది. ఈ పాశ్చాత్య వాద్యానికి నాలుగు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి. జంట తీగలపై గమకం పలికించడం కష్టం. పైగా, మీటిన నాదం వెంటనే అణగిపోతుంది. గమకం లేని కర్ణాటక సంగీతమెక్కడిది! శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండలిన్‌ను ఎన్నుకొని, జంటలకు బదులు ఒంటి తీగలు ఉంచారు. మంద్రస్థాయి అందేటట్లు ఐదవ తీగను చేర్చారు. విద్యుత్తు తోడుకాగా, వేలు తీగపై జారుతున్నంతసేపూ స్వరం నిలిచింది. మెల్లని మీటు సైతం సభకు వినిపించింది.

1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవాలలో ఆయన తొలి కచేరీ జరిగింది. పరాయి వాద్యమని మొదట శంకించిన రసికులు లేకపోలేదు. 2014లో ఆయన మరణించేనాటికి మాండలిన్ కర్ణాటక కచేరీ వాద్యాలలో ఒకటై ఉన్నది.