తెరచాప డింగీలు: ఒడ్డున భారం, సమతుల్యత

ఉపోద్ఘాతం

హైటెక్ సిటీకి తూర్పున, 16వ శతాబ్దంలో ఇబ్రహీం కులీ కుతుబ్‌షా కాలంలో నిర్మితమైన హుస్సేన్ సాగర్ నేడు హైదరాబాదులో తెరచాప పడవల క్రీడకు కేంద్రం. ఈ క్రీడలో వాడే చిన్న పడవలే డింగీలు. నీటిపై తేలికగా సాగే డింగీని ఒడ్డున కదిలించే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

బరువు – ఇరుసు

15 ఏళ్ల వరకు పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్ పడవ దేహం కనీస బరువు 35 కిలోలు. పదేళ్ల పిల్లలు చాలామంది అంతకంటే తక్కువ బరువుంటారు. ఒక్కరే నడిపే లేజర్ సుమారు 59 కిలోలు; ఇద్దరు నడిపే 470 సుమారు 120 కిలోలు.

అయితే ట్రాలీపై ఉన్నప్పుడు చేతులపై పడే భారాన్ని నిర్ణయించేది గరిమనాభి స్థానం. ట్రాలీ పిడి ఇరుసుకు 2 మీటర్ల దూరంలో ఉందనుకుందాం. లేజర్ గరిమనాభి ఇరుసుకు 20 సెంటీమీటర్లు ముందుంటే చేతులపై పడేది సుమారు 6 కిలోలు. 60 సెంటీమీటర్లు ముందుంటే సుమారు 18 కిలోలు.

నీరు – గాలి

లోపల నిలిచిన 10 లీటర్ల నీరు 10 కిలోల అదనపు భారం. అది పల్లానికి పారి సమతుల్యతనూ చెరుపుతుంది. కనుక ఒడ్డుకు చేరగానే బిరడా తీసి నీటిని వదలాలి; మళ్లీ దించే ముందు బిగించాలి. తెరచాప ఎత్తి ఉంటే పడవ ముందుభాగాన్ని గాలికి ఎదురుగా నిలపాలి.

ముగింపు

నేలపై ఈడ్చితే పడవ అడుగు గీసుకుపోతుంది. వంగి ఎత్తితే నడుము దెబ్బతింటుంది. ఇరుసును సరిచూడటం, నీటిని వదలడం ఈ రెండింటినీ కాపాడతాయి.