తెల్లసొన మీద పగ

తెల్ల చిట్టెలుక చెవి పల్చగా ఉంటుంది. వెలుతురుకు ఎదురుగా చూస్తే రక్తనాళాల అల్లిక గులాబీ రంగులో కనిపిస్తుంది. ప్రయోగశాలలో ఒక చెవిలోకి తెల్లసొన ప్రోటీన్‌ను గుర్తుపట్టే యాంటీబాడీని కొద్దిగా ఎక్కిస్తారు, రెండో చెవిలోకి ఉత్త ఉప్పునీరు. ఒక రోజు ఆగి, తోకలోని రక్తనాళం గుండా కోడిగుడ్డు తెల్లసొన ప్రోటీన్‌నూ, దాంతోపాటు నీలిరంగునూ పంపిస్తారు. అరగంట తిరిగేసరికి మొదటి చెవి నీలమైపోతుంది. రెండోది గులాబీగానే ఉంటుంది. రంగు ఒళ్లంతా తిరుగుతూనే ఉంది, కానీ రక్తనాళాల గోడలు సడలింది ఆ ఒక్క చెవిలోనే. ఆ సడలింపు చెవితో ఆగితే చూడముచ్చటైన వింత. ఒళ్లంతా ఒక్కసారే సడలితే ప్రాణాంతకం. ఆ స్థితి పేరు అనాఫిలాక్సిస్.

ఇది మొదట బయటపడింది కుక్కల్లో. ఫ్రాన్స్‌కు చెందిన షార్ల్ రిషే, పాల్ పోర్టియే సముద్రపు ఎనిమోన్ విషాన్ని కుక్కలకు కొద్దికొద్దిగా ఇచ్చి అలవాటు చేద్దామనుకున్నారు. మొదటిసారి తట్టుకున్న కుక్క, మూడు వారాలు గడిచాక ఇచ్చిన చిన్న మోతాదుకే అరగంటలోపు ప్రాణం విడిచింది. అలవాటు పడుతుందనుకున్న ఒళ్లు పగ పట్టింది. 1902లో వాళ్లు ఈ సంగతి ప్రకటించారు. 1913లో రిషేకు నోబెల్ వచ్చింది.

పగ పుట్టాలంటే ముందు పరిచయం కావాలి. తెల్లసొనలోని ఒవాల్బుమిన్ ప్రోటీన్‌ను అల్యూమినియం లవణంతో కలిపి ఎలుక పొట్టలోకి ఎక్కిస్తారు. పైకి ఏమీ జరగదు. ఎలుక తింటుంది, మూతి తుడుచుకుంటుంది, ముడుచుకుని పడుకుంటుంది. లోపల మాత్రం రోగనిరోధక వ్యవస్థలోని టి కణాల ప్రోద్బలంతో బి కణాలు ఐజీఈ అనే యాంటీబాడీని తయారు చేస్తుంటాయి. ఎలుక రక్తంలో ఐజీఈ ఎంతోసేపు నిలవదు, గంటల్లోనే సగానికి తగ్గిపోతుంది. కానీ మాస్ట్ కణం అనే రోగనిరోధక కణం దొరికిందా, దాని ఒంటికి అతుక్కుని వారాల తరబడి కాచుకుని ఉంటుంది.

మాస్ట్ కణాలను రంగులద్ది గుర్తించి 1878లో పేరు పెట్టినవాడు జర్మనీకి చెందిన పాల్ ఎర్లిక్. వాటి నిండా ఉన్న గుళికలను చూసి అవి తిండి తాలూకు నిల్వలనుకున్నాడు. నిజానికి అందులో ఉన్నవి హిస్టమిన్, హెపారిన్, ప్రోటీన్లను తునకలు చేసే ఎంజైములు. చర్మంలో, పేగుల్లో, ఊపిరితిత్తుల్లో ఈ కణాలు చాలావరకు రక్తనాళాల పక్కనే ఉంటాయి. ఒవాల్బుమిన్ రెండోసారి వచ్చి, పక్కపక్కనున్న ఐజీఈలను జతగా తాకిందంటే నిమిషాల్లో గుళికలు బయటికి చిమ్ముతాయి. కట్ట చెమర్చిన చెరువులా రక్తనాళం ఊటలు వేస్తుంది, నీరు చుట్టుపక్కలకు ఇంకి రక్తపోటు పడిపోతుంది.

అయితే మాస్ట్ కణం ఉండేది నాళం బయట, ఒవాల్బుమిన్ పారేది నాళం లోపల. మరి కబురు గోడ దాటేదెలా? 2018లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఎలుకల్లో దీనికి జవాబు కనిపెట్టారు. నాళాన్ని అంటిపెట్టుకుని డెండ్రిటిక్ కణాలు కొన్ని ఉంటాయి. అవి సన్నటి కొనలను గోడలోంచి రక్తంలోకి చాచి, తగిలినదాన్ని పట్టుకుంటాయి. మింగవు. పట్టుకున్నదాన్ని తమ పైపొర నుంచి పుట్టే సూక్ష్మమైన బుడగల మీద పెట్టి చుట్టూ ఉన్న మాస్ట్ కణాలకు పంచేస్తాయి. ఈ డెండ్రిటిక్ కణాలను తీసేస్తే ఎలుకకు ఆ గండం తప్పింది.

ఎలుకలో ఇంకో దారి కూడా ఉంది. ఒవాల్బుమిన్ లాంటిది ఎక్కువ మోతాదులో వస్తే ఐజీఈ ఊసే లేకుండా ఐజీజీ యాంటీబాడీల ద్వారా మాక్రోఫేజ్ లాంటి కణాలు రంగంలోకి దిగుతాయి. అప్పుడు నాళాలను సడలించడంలో ముఖ్యపాత్ర హిస్టమిన్‌ది కాదు, పీఏఎఫ్ అనే కొవ్వు పదార్థానిది.

మనిషికి అనాఫిలాక్సిస్ వస్తే గొంతు వాస్తుంది, ఊపిరి అందదు. చిట్టెలుకలో కొట్టొచ్చినట్టు కనిపించేది ఒళ్లు చల్లబడటం. కొద్ది నిమిషాల్లోనే శరీర ఉష్ణోగ్రత డిగ్రీలకు డిగ్రీలు దిగిపోతుంది. ఇది ఒట్టి రక్తపోటు వ్యవహారమనే చాలాకాలం అనుకున్నారు. మాస్ట్ కణం వదిలే కైమేజ్ అనే ఎంజైము కొన్ని నాడులను రెచ్చగొడుతుందని 2023లో అదే డ్యూక్ బృందం చూపింది. మిరపకాయ మంటను మెదడుకు చేరవేసేవీ ఆ నాడులే. దాంతో ఒళ్లు కాగిపోతోందని మెదడు భ్రమపడి, వేడి పుట్టించే గోధుమరంగు కొవ్వును పని మానమంటుంది. వణకాల్సిన వేళ ఎలుక తన పొయ్యి తానే ఆర్పుకుంటుంది.

సొంత ఒంటిని ఇంతగా దెబ్బతీసే ఏర్పాటును ప్రకృతి ఎందుకు ఉంచింది? సమాధానం విషాల దగ్గర దొరికింది. 2006లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు మాస్ట్ కణాలు లేని ఎలుకలకు పాము విషం, తేనెటీగ విషం ఇచ్చి చూస్తే, మామూలు ఎలుకల కంటే అవే తొందరగా చనిపోయాయి. మాస్ట్ కణాల గుళికల్లోని ఎంజైము ఒకటి పాము విషాన్ని తునకలు చేసేస్తోంది. 2013లో మరో మెట్టు ఎక్కారు. తేనెటీగ విషం కొద్దిగా రుచి చూసిన ఎలుకలు, తర్వాత చంపేంత మోతాదు ఇచ్చినా ఎక్కువగా బతికాయి. ఐజీఈ లేని ఎలుకలకు ఆ రక్షణ దక్కలేదు.

2023లో యేల్, హైడెల్‌బర్గ్ బృందాలు విడివిడిగా ఇంకో ముచ్చట చూశాయి. బోనులో రెండు సీసాలు పెట్టారు, ఒకదాంట్లో మామూలు నీళ్లు, ఇంకోదాంట్లో తెల్లసొన ప్రోటీన్ కలిపిన నీళ్లు. మామూలు ఎలుకలు తెల్లసొన నీళ్లను ఇష్టంగా తాగాయి. పగ పట్టిన ఎలుకలు ఆ సీసాకు మొహం చాటేశాయి. ఐజీఈ తీసేసినా, మాస్ట్ కణాలు లేకున్నా ఆ విముఖత మాయం. ఏది తినకూడదో ఎలుకకు చెబుతున్నది నాలుక కాదు, పేగు గోడలోని రోగనిరోధక కణాలు.

ఇప్పుడు నీలి చెవినీ, చల్లబడ్డ ఒంటినీ ఒక్కచోట పెట్టి చూడాలి. తేనెటీగ కుట్టిన చోటో, ఒక గుక్క మింగిన పేగులోనో, మాస్ట్ కణాలు కాసిని పగిలితే విషం విరుగుతుంది, ఎలుక మూతి తిప్పుకుంటుంది. అదే పదార్థం సూదిలోంచి నేరుగా రక్తంలోకి దిగితే ఒంట్లో ప్రతి మూలా ఉన్న మాస్ట్ కణాలన్నీ ఒకే క్షణాన పగులుతాయి. ఆయుధం ఒకటే, తేడా దాని విస్తృతిలో ఉంది. అందుకే అలర్జీని ఒంటి పొరపాటుగా కొట్టిపారేయలేం. విషాల మధ్య పుట్టి పెరిగిన ప్రాణి నేర్చిన పాత విద్య అది, కోడిగుడ్డు దగ్గర మాత్రం గురి తప్పుతోంది.