ఊరిలో ఉండి ఉద్యోగం – గడప దాటితేనే ఆరోగ్యం

2020 మార్చిలో లాక్‌డౌన్ విధించిన తరువాత హైదరాబాదు, బెంగుళూరు నగరాల నుండి ఎందరో సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు కంప్యూటర్లతో సహా కోనసీమలోని స్వగ్రామాలకు చేరుకున్నారు. అనంతరం పలు సంస్థలు తమ ఉద్యోగులను వెనుకకు పిలిపించుకున్నాయి. అయినప్పటికీ, ఇంటి నుండే పనిచేసే వెసులుబాటు నిలుపుకున్నవారు మా గ్రామాలలో నేటికీ ఉన్నారు. ఇక్కడ ఆయుర్వేద వైద్యవృత్తి సాగిస్తున్న నాకు వీరి ఆరోగ్య పరిస్థితిని దగ్గరగా పరిశీలించే అవకాశం కలిగింది.

స్వచ్ఛమైన గాలి, ఇంటి భోజనం, తల్లిదండ్రుల సాన్నిధ్యం ఉన్నచోట అనారోగ్యమెందుకని పాఠకులకు సందేహం కలుగవచ్చు. కాని నా వద్దకు వచ్చే వీరి బాధలు నగరవాసుల బాధలే. నడుమునొప్పి, మెడ పట్టివేయడం, కళ్లమంట, మలబద్ధకం, నిద్రలేమి, పెరిగే పొట్ట. కారణం విచారిస్తే తేలేది ఒక్కటే. నగరంలో బస్సు కోసమైనా నాలుగడుగులు నడిచేవారు. ఇక్కడ మంచానికీ బల్లకూ మధ్య దూరం పది అడుగులే. అన్నం కంచం కూడా గదిలోనికే వస్తుంది.

ఒక కొబ్బరి రైతు ముప్పై రెండేళ్ల తన కుమారుని నడుమునొప్పికి చికిత్స కోసం తీసుకువచ్చాడు. "డాక్టరుగారండీ, మావాడు హైదరాబాదులో ఉన్నప్పుడే నయమండీ. ఆదివారం పూట ఫోనులోనైనా మాట్లాడేవాడండీ. ఇప్పుడు పక్క గదిలోనే ఉన్నా మాటే ఉండదండీ" అన్నాడాయన. ఆ యువకునికి అమెరికా వేళల ప్రకారం సాయంకాలం మొదలైన పని రాత్రి రెండు గంటలకు గాని ముగియదు. మధ్యాహ్నం వరకు నిద్ర. ఊరిలో చిన్ననాటి స్నేహితులెవరున్నారో కూడా అతడు ఎరుగడు. తైలంతో మాత్రమే నయమయ్యే బాధ కాదని నాకు అర్థమైంది.

శాస్త్రం ఏమి చెబుతున్నది?

చరకసంహిత ప్రమేహ కారణాలను వివరిస్తూ సుఖంగా కూర్చుండిపోవడాన్ని, అతినిద్రను మొట్టమొదట పేర్కొన్నది. పెరుగు, కొత్త ధాన్యం, బెల్లపు పిండివంటలు ఆ వెనుకనే వస్తాయి. నీటివనరులు, పచ్చదనం అధికంగా గల ప్రదేశాన్ని ఆయుర్వేదం ఆనూప దేశమంటుంది. అక్కడ కఫం సహజంగానే ఎక్కువ. కాలువలతో నిండిన కోనసీమలో నివసించేవారికి శరీరశ్రమ మరింత అవసరమని దీనినిబట్టి గ్రహించవచ్చు.

వ్యాయామం వలన శరీరం తేలికపడి, పనిచేసే సామర్థ్యం, జఠరాగ్ని వృద్ధి చెందుతాయని, కొవ్వు తరుగుతుందని వాగ్భటుడు అష్టాంగహృదయంలో చెప్పాడు. అయితే బలంలో సగం మేరకే చేయవలెనన్నాడు. నుదుట, చంకలలో చెమటపట్టి నోరు ఎండుతున్నదంటే అక్కడికి ఆపవలెను. పెద్దలకు వారానికి 150 నుండి 300 నిమిషాల మధ్యస్థాయి శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. రోజుకు అరగంట నడకతో, వారానికి ఐదు రోజులు నడిచినా, ఇది నెరవేరుతుంది.

రాత్రి పనిచేసేవారికి

రాత్రి జాగరణ శరీరంలో రూక్షతను, వాతాన్ని పెంచుతుంది. అలవాటులేని జాగరణ చేసినవారు మేల్కొన్న కాలంలో సగం మేరకు మరునాటి ఉదయం ఆహారం తీసుకోకముందే నిద్రించవలెనని వాగ్భటుని ఉపదేశం. భోజనం చేసి పగలు నిద్రించడం వేసవిలో తప్ప తగదు. రాత్రి భోజనం ఎనిమిది గంటలలోపు ముగించి, ఆ తరువాత ఆకలైతే పలుచని రాగిజావ పుచ్చుకోవచ్చు. పడుకోబోయే ముందు అరికాళ్లకు గోరువెచ్చని నువ్వులనూనె మర్దన చేయడం హితకరం. మధ్యాహ్న భోజనంలో అల్లం, కరివేపాకు వేసిన పలుచని మజ్జిగ చేర్చుకోవలెను. ఇరవై నిమిషాలకొకసారి తెరనుండి చూపు మరల్చి, ఇరవై అడుగుల దూరంలోని కొబ్బరిచెట్టును కాసేపు చూస్తే కళ్లకు విశ్రాంతి కలుగుతుంది.

కాలువ గట్టే క్రీడాస్థలం

నేను ఆ యువకునికి మొదట చెప్పినది పని మొదలయ్యే ముందు తండ్రితో కలిసి తోటలోనికి వెళ్లమని. పది రోజులు ఆయన వెంట నడిచాడు. దింపు జరిగే రోజున కాయలు లెక్కించాడు. తరువాత కాలువ గట్టు మీద నడక ప్రారంభించాడు. అక్కడ తనవంటి ఉద్యోగులే మరి నలుగురు పరిచయమయ్యారు. సెలవు దినాలలో వారు ఊరి కుర్రవాళ్లతో వాలీబాలు ఆడసాగారు. మూడు నెలలలో అతని నొప్పి చాలావరకు తగ్గింది. నిద్ర కుదిరింది. ఔషధం ఇచ్చినది నేనే అయినా, సగం గుణం ఆ సాంగత్యానిదే.

కనుమనాడు జగ్గన్నతోటలో పదకొండు గ్రామాల ప్రభలు కలుసుకుంటాయి. పచ్చని చేల మీదుగా వాటిని భుజాలపై మోసుకువస్తారు. కోనసీమలో మరికొన్నిచోట్ల కూడా ప్రభల తీర్థాలు జరుగుతాయి. ఇటువంటి ఉత్సవంలో శ్రమ, ఆనందం, బంధుత్వం ఒక్కచోట లభిస్తాయి. ఆ యువకుడు కూడా తన ఊరి ప్రభ మోస్తానన్నాడు. నడుము దృష్ట్యా నేను అనుమతించలేదు. వెంట నడిచి వచ్చాడు.

కొన్ని జాగ్రత్తలు

చీకటిపడిన తరువాత గట్టు మీద నడిచేవారు పాముల భయం దృష్ట్యా టార్చిలైటు, పాదరక్షలు తప్పక ధరించి వెళ్లవలెను. ఈత రానివారు కాలువలో దిగరాదు. నడుమునొప్పితో పాటు కాలు తిమ్మిరెక్కినా, బలహీనపడినా గృహవైద్యంతో కాలయాపన చేయక వైద్యుని సంప్రదించవలెను.

తల్లిదండ్రులకు నా విజ్ఞప్తి ఒక్కటే. ఇంట ఉన్న బిడ్డకు కంచం గదిలోనికి పంపకండి. పీట వేసి పిలవండి. పొరుగింట శుభకార్యమైతే వెంట తీసుకువెళ్లండి. రేపు సంస్థ మరల నగరానికి పిలిచినా, ఇక్కడ అలవడిన నడక, నలుగురితో మాట వారి వెంట వెళతాయి.