విండోస్ 11కి మారే ముందు ఇవి చూసుకోండి

ఇంట్లో కంప్యూటర్ ఇంకా విండోస్ 10తోనే నడుస్తోందా? దానికి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. కంప్యూటర్ ఆగిపోదు. కానీ ప్రత్యేకంగా నమోదు చేసుకుంటే తప్ప సెక్యూరిటీ అప్‌డేట్లు రావు. అలాంటి దాంట్లో బ్యాంకు పనులు చేసుకోవడం ప్రమాదం.

విండోస్ 10 నుంచి 11కి మారడం ఉచితమే. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ సదుపాయం, సరిపోయే ప్రాసెసర్ ఉండాలి. ఇవన్నీ ఉన్నాయో లేదో మైక్రోసాఫ్ట్ ‘పీసీ హెల్త్ చెక్’ యాప్ చెప్పేస్తుంది. టీపీఎం లేదని చూపిస్తే వెంటనే కొత్త కంప్యూటర్ కొనేయకండి. కొన్నింటిలో అది ఉన్నా ఆఫ్‌లో ఉంటుంది. బయోస్‌లో ఆన్ చేస్తే చాలు.

ముందుగా పిల్లల సర్టిఫికెట్లు, నికాహ్‌నామా స్కాన్, పెళ్లి ఫొటోలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. ఆ ఫైళ్లు తెరుచుకుంటున్నాయని చూసుకున్నాకే అప్‌డేట్ మొదలుపెట్టండి.